మగచేప కడుపులో గుడ్లు

మైక్రోస్కోపు మీంచి ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే ఎదురుగా ఆయన కళ్లలోకి చూడాలి.

"చూసిందే ఎన్నిసార్లు చూస్తావమ్మా?" అన్నాడు పెద్దాయన. పొద్దుటి నుంచీ ఆ ఇనుప కుర్చీ వదల్లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మూడోసారి చూసినా అదే. రంగుల ఫ్యాక్టరీ కాలువ నదిలో కలిసే చోట దొరికిన నలభై మగచేపలు. వాటిలో ఇరవైమూడింటి వృషణాల్లో గుడ్లు. ఫ్యాక్టరీ వదిలిన రసాయనం వాటి ఒంట్లో చేరి ఆడ హార్మోనులా నటిస్తోంది. ఇలాగే పోతే ఆ నదిలో చేపపిల్లే పుట్టదు.

"చేపలు బాగానే ఉన్నాయని రాసెయ్యి తల్లీ. మా నాన్న నాకప్పగించిన పని ఇది. నేను నా కొడుకులకి అప్పగించా. నన్ను నమ్ముకుని మూడొందల ఇళ్లున్నాయి. ఈ కాగితం బయటికెళ్తే ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగదు."

"గుడ్లు కళ్లతో చూసి లేవని ఎలా రాయను బాబాయ్?"

"ఒక్క ఏడాది ఆగు. ఈలోగా వేరే దారేదో వెతుక్కుంటాం."

"ఈ ఏడాదంతా ఆ చేపల్ని పిల్లలు తింటారు."

 

ఫోను మోగింది. పైఅధికారి.

"నాలుగింటికల్లా రిపోర్టు నా బల్ల మీదుండాలి. నీకు ముందున్నాయన కూడా ఇలాగే నాన్చి నాన్చి, సెలవు పెట్టి పారిపోయాడు!"

పారిపోయినాయన మీద ఆమెకు అసూయ పుట్టింది. గదికి ఉన్నదే ఒక్క తలుపు. దానికీ తనకీ మధ్య ఆయన కుర్చీ.

పెద్దాయన లేచాడు. తన కూతురి వయసు పిల్లకి రెండు చేతులూ జోడించాడు.

"దించండి బాబాయ్, మీకు పుణ్యముంటుంది, చేతులు దించండి" అంటూనే ఆమె ఉన్నదున్నట్టు రాసేసింది. సంతకం వంకర పోయింది.

ఆయన తిట్టలేదు. అరవలేదు. "నీ తప్పేం లేదులేమ్మా" అని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే అధికారులొచ్చి నిషేధం బోర్డు పాతారు, ఫ్యాక్టరీ గేటు ముందు కాదు, రేవులో పెద్దాయన పడవ కట్టే గుంజ పక్కన, 'ఇక్కడ చేపలు పట్టరాదు' అని.