ఒక్క మెలిక

నోరీన్ ఇచ్చిన కాగితాన్ని మలాకీ మాస్టారు కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి చూశాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి పెట్టుకుని, మళ్లీ చూశాడు.

"ఇదిగో, ఇక్కడ," అన్నాడు చివరికి. "ఈ తీగ కిందినుంచి పోవాలి. మీరు పైనుంచి తీసుకెళ్లారు."

"అవును సుమండీ," అంది నోరీన్, ఎప్పటిలాగే.

చర్చి హాల్లో ప్రతి గురువారం మధ్యాహ్నం జరిగే క్లాసు అది. పాత రాతి శిలువల మీద ఉంటుందే, ఆ మెలికల అల్లిక నేర్పుతారు. ముందు చుక్కలు పెట్టాలి. వాటి చుట్టూ తీగ తిప్పాలి. తీగ ఒక మెలికలో పైనుంచి పోతే తర్వాతి మెలికలో కిందినుంచి పోవాలి. ఎక్కడా తెగకుండా, బయల్దేరిన చోటికే వచ్చి కలవాలి. చేరిన పదకొండు మందిలో పదిమందికి నాలుగు నెలల్లో పట్టుబడింది. ఎట్రాక్టా అయితే దాన్ని టీ కప్పుల మీద వేసి టూరిస్టులకు అమ్ముతోంది కూడా. రెండేళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నది నోరీన్ ఒక్కతే.

చెయ్యి తిరగక కాదు. ఆమె గీత అందరికంటే నున్నన. బొమ్మలో రెండు వందల మెలికలుంటే నూట తొంభై తొమ్మిది చూడముచ్చటగా ఉండేవి. ఒక్కటి మాత్రం తప్పు. పోయినవారం తప్పు ఈ వారం దిద్దుకునేది, ఈ వారం మరోచోట కొత్తది చేసేది. నలభై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మాస్టారు, ఇంత తెలివైన మొద్దుని తన సర్వీసులో చూడలేదని ఇంటికెళ్లి భార్య దగ్గర మొత్తుకునేవాడు.

గట్టిగా కోప్పడదామంటే నోరు రాదు. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారని మొదటిరోజే అడిగితే, "మా ఆయన సమాధి రాయి మీద చెక్కించడానికి," అంది. ఆ పైన ఎవరు మాత్రం ఏమడుగుతారు? ఆమెది బస్సులో గంట దూరంలో, సముద్రపు ఒడ్డునున్న పల్లె. ఆ ఊరివాళ్లు క్లాసులో ఇంకెవరూ లేరు. ఆ రోజునుంచీ టీ ముందు ఆమెకే పోసేవారు. ఎండుద్రాక్షల రొట్టెలో పెద్ద ముక్క ఆమెకే. నోరీన్ వద్దనేది కాదు. వెళ్లేటప్పుడు ఇంకో ముక్క అడిగి మరీ పొట్లం కట్టించుకునేది. దుఃఖంలో ఆకలెక్కువని ఎట్రాక్టా అందరికీ వివరించింది.

రాయి ఎప్పుడో వచ్చింది. చెక్కేవాడి పెరట్లో వానకి తడుస్తూ పడి ఉంది. బొమ్మ ఇస్తారా, లేక రాయి వేరేవాళ్లకి ఇచ్చెయ్యమంటారా అని వాడు రెండుసార్లు కబురు పెట్టాడు.

"పాపం, పైనుంచి మీ ఆయన ఎదురుచూస్తూ ఉంటాడమ్మా," అని ఓసారి ఎట్రాక్టా దెప్పింది.

"చూడనీ," అంది నోరీన్, పెన్సిల్ చెక్కుకుంటూ. "ఆయనకేం తొందర?"

ఆ గురువారం మాస్టారు ఒక నిర్ణయానికొచ్చాడు. నోరీన్ కప్పులు కడగడానికి లోపలికెళ్లగానే సన్నటి బ్లేడు తీశాడు. ఆ ఒక్కచోట సిరా గీకేశాడు. ఊపిరి బిగబట్టి రెండు గీతలు గీశాడు. పైనున్న తీగ కిందికి పోయింది. క్లాసంతా చుట్టూ మూగింది.

నోరీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి అందరూ చప్పట్లు కొట్టారు.

"అయిపోయింది నోరీన్," అన్నాడు మాస్టారు, తనకే పరీక్ష పాసైనంత సంబరంగా. "రేపే వెళ్లి రాయి చెక్కేవాడికి ఇచ్చేయండి."

నోరీన్ అల్లిక మీద ఒకచోట వేలు పెట్టి, తీగ వెంబడే మెల్లగా నడిపించింది. పైన, కింద, పైన, కింద. వేలు ఎక్కడా ఆగలేదు. బయల్దేరిన చోటికే వచ్చింది.

"ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?" అంది. "నా బొమ్మలో మీరెందుకు చెయ్యి పెట్టారు?"

కాగితం లాక్కుని, పొట్లం కూడా అడక్కుండా వెళ్లిపోయింది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. రాయి నిలబెడితే ఆ మనిషి నిజంగా పోయినట్టే కదా, అదీ ఆమె బాధ అని ఎట్రాక్టా తేల్చింది. అందరూ తలలూపి, మిగిలిన రొట్టె పంచుకున్నారు.

బస్సులో నోరీన్ ఆ కాగితాన్ని సగానికి చించింది. మళ్లీ సగానికి చించింది. చిత్తుముక్కలు చేసి కోటు జేబులో కుక్కుకుంది.

ఇల్లు చేరాక ఆ కోటైనా విప్పకుండా వంటింటి బల్ల ముందు కూర్చుంది. కొత్త కాగితం పరిచి, చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది.

"మళ్లీ తప్పిందా, అయితే ఇంకో వారం ఉంటాలే," అని పక్కగదిలో మంచం మీంచి నవ్వాడు, డాక్టర్లు మూడు నెలలే గడువన్న రోజున, తన రాయి మీదికి తప్పులేని బొమ్మ కళ్లారా చూస్తేగాని పోనని పంతం పట్టి, రెండేళ్లుగా ఆ మాట మీదే నిలబడ్డ ఆమె మొగుడు కోల్మన్.