అమావాస్య దాటిన పూట

"అన్నా, ఈ పొద్దు ఆ క్వారీలో బ్లాస్టింగ్ ఏమన్నా ఉండాదా?"

స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి అడిగింది ప్రతిమ. భుజాన సంచీ, చేతిలో రాళ్ళు కొట్టే సుత్తి.

నిన్న క్వారీ మేస్త్రీ ఆంజనేయప్ప ఫోన్ చేసి చెప్పిన మాట సీనియర్ లెక్చరర్ రవీంద్ర చెవిలో ఇంకా మోగుతోంది. "బండకు రంధ్రాలు కొట్టి పెట్టినాం సార్. అమావాస్య పోతానే మందు పెట్టి పేలుస్తాం. మీ కాలేజీవాళ్ళను ఇట్లా రానీయొద్దండి." ఆ అమావాస్య ఈ పొద్దున పిల్లలు ప్రార్థనకు నిలబడే వేళకే వెళ్ళిపోయింది. గోడ మీది క్యాలెండర్లో తిథి ఎప్పటిదాకా ఉందో రవీంద్ర స్వయంగా చూసుకున్నాడు.

"అమావాస్య కదమ్మా. ఈ పొద్దు ఎవురు పేలుస్తారు?" అన్నాడు.

"అయితే పోయొస్తా. సమ్మేళనానికొచ్చే ఫారిన్ వాళ్ళను తీసుకుపోయే ముందు ఒకసారి జాగా చూసుకోవల్ల."

ఆమె కారు గేటు దాటేదాకా కిటికీలోంచి చూశాడు. బల్ల మీద ఆమె పంచిన మైసూర్‌పాక్ ముక్క అలాగే ఉంది. బెంగళూరులో జరగబోయే అంతర్జాతీయ భూవిజ్ఞాన సమ్మేళనాన్ని నడిపించే ఇద్దరిలో ఒకరిగా బాగేపల్లి లెక్చరర్ను ఎన్నుకున్నారంటే మాటలా? అభినందనలు చెప్పినవాళ్ళలో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది రవీంద్రే. లోపల మాత్రం కడుపు మండిపోతోంది. ఆమెకు రాళ్ళ పేర్లు నేర్పింది తను. ఎంపికైంది ఆమె.

ఆమె చచ్చిపోవాలని అతను కోరుకోలేదు. ఏ కాలో విరిగి, సమ్మేళనం అయ్యేదాకా మంచం మీద ఉంటే చాలనుకున్నాడు. మనిషి బుద్ధి అంత దూరం పోయాక మధ్యలో ఆగుతుందా? క్యాలెండర్లో ఈ తేదీకి అమావాస్య అనే రాసుంది, తనేం అబద్ధం చెప్పలేదని కూడా తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

క్లాసులో ఉండగా ఫోన్లో ఫోటో వచ్చింది. నిట్టనిలువు బండ. దాని కింద ప్రతిమ నవ్వుతూ నిలబడి ఉంది. "అన్నా, అందరినీ ఈడ నిలబెట్టి చెప్తే ఎట్లుంటాది? నువ్వు సరే అంటేనే" అని రాసింది.

రవీంద్ర ఫోటో పెద్దది చేసి చూశాడు. ఆమె తల మీదుగా, బండ అంచు పొడుగునా, వరసగా నల్లటి రంధ్రాలు.

అవి పేలితే విరిగేది కాలు కాదు, మనిషే మిగలదు. ఆమెకు ఫోన్ చేశాడు. మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఆంజనేయప్పకు చేశాడు. స్విచాఫ్. మందు ముట్టుకునే ముందు మేస్త్రీ ఫోను ఆపేస్తాడని రవీంద్రకు తెలుసు.

సుద్దముక్క అక్కడే పారేసి, బండి తీసి చింతామణి రోడ్డు పట్టాడు. దారంతా చెవులు రిక్కించుకునే ఉన్నాడు. 'స్వామీ, ఇంకొంచెం సేపు. ఇంకొంచెం సేపు ఆపించు' అని పైకే మొక్కుకున్నాడు. ఆ సమ్మేళనమూ వద్దు, ఆ పేరూ వద్దనిపించింది.

క్వారీలో నరమానవుడు లేడు. డ్రిల్లు మోత లేదు, టిప్పర్లు కదలడం లేదు. అందరూ దూరంగా పోయి దాక్కున్నారంటే వత్తి అంటించేశారన్నమాటే. బండి వదిలేసి గుంతలోకి పరిగెత్తాడు.

"ప్రతిమా, ఇట్లా వచ్చేయ్. పేలుస్తాండారు, పరిగెత్తు!"

ఆమె సుత్తి వదిలేసి ఉరికింది. చెయ్యి పట్టి లాక్కుపోయి టిప్పర్ వెనక నేల మీద పడేశాడు. తను ఆమెకు అడ్డంగా పడుకుని చెవులు మూసుకున్నాడు.

ప్రతిమ అతని చొక్కా గట్టిగా పట్టుకుంది.

"నా ప్రాణం కాపాడితివన్నా," అంది ఏడుస్తూ. "తోడబుట్టినోళ్ళయినా ఇట్లా రారు."

రవీంద్ర తల తిప్పుకున్నాడు. ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేదు.

షెడ్డులోంచి ఆంజనేయప్ప ఆవలిస్తూ వచ్చాడు. నుదుట విభూతి, నలిగిన లుంగీ.

"ఏంది సార్, ఇద్దరూ మట్టిలో పండుకోనుండారు?"

"బ్లాస్టు... ఫోను ఆపేసుండావు కదప్పా..."

"చార్జి లేక ఆగిపోయింటాది. ఈ పొద్దు బ్లాస్టేంది సార్?" మేస్త్రీ నవ్వాడు. "పొద్దు మొలిచేటప్పుడు అమావాస్య ఉండిందంటే మాకు దినమంతా అమావాస్యే. క్యాలెండర్ గంటలు చూసి మందు ముట్టేది యాడన్నా ఉండాదా? కూలోళ్ళంతా ఇండ్లకు పోయిరి. పేల్చేది రేపు. అమావాస్య పోతానే అని నిన్ననే మీకు ఫోన్లో చెప్తిని కదా."

రవీంద్రకు నవ్వాగలేదు. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు కారాయి. ఏమీ కాలేదు. తను ఎవరినీ చంపలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, తలెత్తి ఎండను కూడా ఇష్టంగా చూశాడు.

ప్రతిమ నవ్వలేదు. అతని చొక్కా పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి.

"అంటే, ఈ పొద్దే పేలుస్తారనుకోనే నన్ను పంపిస్తివా అన్నా?"