మోగితే చాలు

"నాకు మోగే ఫోన్ కావాలి నాయనా," అంది పెద్దావిడ.

సెల్‌ఫోన్ల షాపు యజమానికి నవ్వొచ్చింది. పదహారేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాడు. మోగని ఫోన్ అమ్మిన పాపాన పోలేదు.

"మోగడమేంటమ్మా! ఇప్పటి ఫోన్లు పాడతాయి, మాట్లాడతాయి, మీ మొహం చూసి తెరుచుకుంటాయి!"

"నా మొహంతో దానికేం పని? గట్టిగా మోగాలి. నొక్కితే పలకాలి. వారం దాకా ఛార్జింగ్ అడక్కూడదు. అంతే."

ఆవిడ పాత ఫోన్ పొద్దున్నే నీళ్ల బకెట్లో పడిందట. రుమాల్లో చుట్టి తెచ్చింది. అంకెలన్నీ చెరిగిపోయి, బటన్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

అతను మనసులో విసుక్కుంటూనే కింది అరలోంచి ఒక బటన్ ఫోన్ తీశాడు.

ఆవిడ కళ్లు మూసుకుని బటన్లన్నీ ఒకసారి తడిమి చూసుకుంది. మొహం విప్పారింది.

"ఇదే. నా సిమ్ తొందరగా ఇందులో వెయ్యి బాబూ. పొద్దుట్నుంచీ నా నంబరు మూగబోయింది."

"ఏం, మీ ఫోన్ కోసం మంత్రులెవరైనా కాచుక్కూచున్నారా?"

షాపులో ఉన్న ఇద్దరు ముగ్గురూ కిసుక్కుమన్నారు. ఆవిడ కూడా నవ్వింది.

అతను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఆ సిమ్ తీసుకెళ్లి ఖరీదైన టచ్ ఫోన్లో వేశాడు.

"ఒక్కసారి వాడి చూడండమ్మా. తర్వాత మీరే వదలరు."

తెర వెలిగిందో లేదో, ఫోన్ మోగింది.

ఆవిడ గబుక్కున అందుకుని నొక్కింది. పలకలేదు. మళ్లీ నొక్కింది.

"నొక్కడం కాదమ్మా, పక్కకి తొయ్యాలి."

తోసింది. కాల్ కట్టయింది.

మళ్లీ మోగింది. ఈసారి అతనే ఎత్తి చేతికిచ్చాడు.

"చెప్పు తల్లీ..." అంటూ ఆవిడ చెవికి ఆనించుకుంది. చెంప ఎక్కడ తగిలిందో ఏమో, మళ్లీ కట్.

అతను పకపకా నవ్వబోయాడు. ఆవిడ మొహం చూశాక నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"తియ్యి. అందులో వెయ్యి. ఇప్పుడే."

ఇంతసేపూ నాయనా, బాబూ అన్న మనిషేనా ఈవిడ! అతను గబగబా సిమ్ తీసి బటన్ ఫోన్లో వేశాడు.

బటన్ ఫోన్ షాపు దద్దరిల్లేలా మోగింది. ఆవిడ ఒక్క నొక్కుతో ఎత్తి, బయట మెట్టు మీదికెళ్లి కూర్చుంది.

అతను అద్దం తలుపులోంచి చూస్తూనే ఉన్నాడు. పది నిమిషాలు. ఇరవై. అరగంట.

ఎండ మొహం మీదికొచ్చినా ఆవిడ కదల్లేదు. కంగారు లేదు, కేక లేదు. పెదవులు నెమ్మదిగా కదులుతున్నాయి. రెండో చెయ్యి గాలిలో మెల్లగా పైకి లేస్తోంది, ఆగుతోంది, మళ్లీ లేస్తోంది.

చివరికి లోపలికొచ్చింది. ఒళ్లంతా చెమటతో తడిసి ముద్దయింది.

"కాసిని మంచినీళ్లిస్తావా నాయనా?"

"ఏమ్మా, ఇంట్లో ఏమైనా గొడవా?"

"గొడవేం లేదు. ఇద్దరూ బాగున్నారు."

గ్లాసు ఖాళీ చేసి, ఫోన్‌కి డబ్బిచ్చి వెళ్లిపోయింది.

"మొగుడూ పెళ్లాల తగువు తీర్చినట్టుంది," అన్నాడతను. అందరూ మళ్లీ నవ్వారు.

ఏడాది తర్వాత ఒక అంబులెన్సు డ్రైవర్ ఆ ఫోనే పట్టుకొచ్చాడు.

"దీనికి కొత్త బ్యాటరీ వెయ్యాలన్నా. నంబరు మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇకనుంచి మా ఆఫీసులో ఉంటుంది."

"ఇది ఓ పెద్దావిడ కొన్న ఫోన్ కదూ? ఆవిడేరీ?"

"పోయిన వారం కాలం చేశారన్నా."

అతను "అయ్యో" అని, బ్యాటరీ మారుస్తూ అడిగాడు.

"అయినా ఆవిడ నంబరు ఒక్క పూట ఆగితే ఏమవుతుంది?"

డ్రైవర్ అతన్ని వింతగా చూశాడు.

"నిజంగా తెలీదా? వాగు పొంగో, దారి తెగో మా బండి చేరలేదనుకో, ఇంట్లోవాళ్లకి మేమిచ్చే నంబరు ఇదే. పదకొండేళ్లు! ఎప్పుడు చేసినా ఎత్తేవారు. పని అయ్యేదాకా లైన్లోనే ఉండేవారు."

"ఏం పని?"

డ్రైవర్ అతని చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

"ఏం చెప్పమంటావన్నా! పక్కన నరమానవుడు లేని ఇల్లు. నొప్పులు పడే పిల్ల. గుమ్మంలో వణికిపోయే మొగుడు. అంత దూరంలో, ఈ ఫోన్ పట్టుకుని ఆవిడ."

షాపు యజమాని కూర్చున్నవాడల్లా, తనకి తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"మూడొందల పైచిలుకు పిల్లలన్నా," అన్నాడు డ్రైవర్, "ఒక్కరినీ చేత్తో తాకకుండా, వట్టి గొంతుతో భూమ్మీదికి తెచ్చిన మంత్రసాని ఆవిడ."