గోరంత కుట్టు

“ఇదీ తీసెయ్యవే. సాగిపోయింది.”

పెద్ద కోడలు బీరువాలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మంచం మీదికి విసురుతోంది. చిన్న కోడలు వాటిని మడతపెట్టి సంచిలో కుక్కుతోంది. అన్నీ నిక్షేపంలాంటి బట్టలే.

“ఇది మొన్నమొన్న కొన్నదేగా అక్కా?”

“అయితే ఏం? నాలుగు ఉతుకులకే సాగిపోయింది. ఈ మధ్య ఏ బట్ట చూసినా ఇంతే, వట్టి నాసిరకం.”

చిన్నది తల వంచుకుని నవ్వుకుంది. ఒళ్ళు చేశానన్న అనుమానంతో వదిలించుకుంటున్నానని ఒప్పుకోవడానికి మహాతల్లికి నోరు రావట్లేదు. అందుకే సాగిపోయాయని బుకాయిస్తోంది.

ఈ నవ్వు కోసం చిన్నది చాలాకాలంగా కాచుకుని కూర్చుంది.

చిన్నది ఒక బట్టల షాపులో కుట్టుపని చేస్తుంది. కిందటేడు తోడికోడలి పుట్టినరోజుకి తనే కొలతలు తీసి, తనే కత్తిరించి, నీలంరంగు పొడుగు గౌను కుట్టి ఇచ్చింది. హడావుడిలో కుడిచెయ్యి ఎడమచేతికన్నా కాస్త కిందికి దిగింది. చూసీచూడనట్టు ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. పెద్దది ఊరుకునే రకమా? గౌను తొడుక్కుని చుట్టాల మధ్యకి వచ్చి, రెండు చేతులూ బారగా ముందుకు చాచింది.

“చూడండి మా చిన్నదాని పనితనం! ఒక చెయ్యి వచ్చేసింది. ఇంకోటి బస్సు దొరక్క వెనకే ఆగిపోయింది.”

అందరూ పగలబడి నవ్వారు. నవ్విన వాళ్ళలో షాపు ఓనరమ్మ కూడా ఉంది. కటింగ్ మాస్టరు పని చిన్నదానికే ఇస్తానని అప్పటికే మాటిచ్చిన మనిషి ఆవిడ. మర్నాడే ఆ కత్తెర ఇంకొకరి చేతికి వెళ్ళిపోయింది. చిన్నది ఇప్పటికీ మూలన కూర్చుని గుండీలు కుట్టుకుంటోంది.

అక్కడితో అయిపోతే ఎలాగో మింగేసేదే. పెద్దది ఆ గౌను వదిలితేగా! ఇంటికి ఎవరొచ్చినా అదే వేసుకునేది. బస్సు జోకు మళ్ళీ మొదటినుంచీ చెప్పేది. విన్న ప్రతిసారీ చిన్నదానికి అరికాలి మంట నెత్తికెక్కేది.

పెద్దదానికి తన నడుమంటే మహా గీర. పెళ్ళినాటి నడుం పెళ్ళినాటిలాగే ఉందని అడగనివాళ్ళక్కూడా చెబుతుంది. కొడితే అక్కడే కొట్టాలి అనుకుంది చిన్నది.

ఇంట్లో ఇస్త్రీ చిన్నదాని పనే. గౌను ఉతికి ఆరి తన దగ్గరికి వచ్చినప్పుడల్లా తలుపేసుకునేది. పక్క కుట్లు విప్పి, రెండు వైపులా గోరంత లోపలికి పట్టి, మళ్ళీ కుట్టేసేది. ఈసారి గోరంత, మళ్ళీసారి ఇంకో గోరంత. విప్పిన జాడ కంటికి ఆనేది కాదు. ఈ పనితనం ఓనరమ్మ చూడలేకపోతోందే అని ఒక్కటే బాధ.

మందు బాగానే పనిచేసింది. పెద్దది కంచంలో సగం వదిలేసి లేచిపోతోంది. లావెక్కానన్న బెంగ మరి! పొద్దున్నే బావగారిని వెంటేసుకుని ఎక్కడికో వెళ్ళొస్తోంది. ఏ జిమ్ములోనో చేరి ఉంటుంది. తిరిగొచ్చి నాలుగు మెట్లెక్కితే చాలు, ఆయాసం. ఇంట్లో కూడా శాలువా కప్పుకునే తిరుగుతోంది. నడుం దాచుకోవడానికి కాకపోతే ఎందుకు? పుట్టినరోజు నాటి నుంచి ఆమె మొహంలోకి సరిగ్గా చూసిందే లేదు గానీ, ఈ లెక్కలన్నీ చిన్నది శ్రద్ధగానే వేసుకుంటోంది.

ఇక మిగిలింది ఒక్కటే. “లావైపోయానే” అన్న మాట ఆ నోటినుంచే వినాలి. అది వింటే కత్తెర పోయిన బాధ కూడా చల్లారుతుంది.

బీరువా అడుగునుంచి నీలం గౌను బయటపడింది. పెద్దది దాన్ని పట్టుకుని ఆగిపోయింది.

“ఇది ఉంచుకోనా, ఇచ్చెయ్యనా?”

“ఇచ్చెయ్యక్కా,” అంది చిన్నది, గొంతులో తేనె ఒలకబోస్తూ. “అసలే చెయ్యి వంకర. పైగా ఇప్పుడు నీకు పట్టకపోవచ్చు కూడా.”

“ఎందుకు పట్టదు?”

“ఏమో మరి. ఒకసారి వేసుకుని చూడు.”

పెద్దది గౌను తీసుకుని బీరువా తలుపు చాటుకి వెళ్ళింది. చిన్నది చెవులు రిక్కించింది. మొన్న ఇస్త్రీకి వచ్చినప్పుడు గోరంతతో సరిపెట్టలేదు. కసికొద్దీ వేలెడు పట్టేసింది. లోపల ఇంక పట్టడానికి బట్టే మిగల్లేదు. బడికెళ్ళే పిల్లకైనా అది బిగుసుకుపోవాలి. ఎక్కడో ఒకచోట పర్రుమని చిరగాలి.

చిరిగిన చప్పుడు రాలేదు. జిప్పు సర్రున పైదాకా వెళ్ళింది.

పెద్దది వచ్చి అద్దం ముందు నిలబడింది. గౌను ఒంటికి అతికించినట్టు సరిపోయింది. ఇన్నాళ్ళ కసీ, ఇన్ని కుట్లూ మట్టిగొట్టుకుపోయాయి.

పెద్దది అద్దంలోకి రెండు చేతులూ చాచి చూపించింది.

“దీనికి ఇంకా బస్సు దొరకలేదే!”

నవ్వుతూనే మంచం కోడు పట్టుకుని మెల్లిగా కూర్చుంది. చిన్నదానికి చిర్రెత్తుకొచ్చింది.

“అంత మంచి బట్టలన్నీ పారేసి, ఈ వంకర గౌను దాచుకోవడం ఎందుకక్కా? ఇంకా ఎంతమంది ముందు నన్ను నవ్వులపాలు చెయ్యాలని?”

“పిచ్చిదానా, అందుకు కాదే.”

పెద్దది నడుం దగ్గర గౌనుని అరచేత్తో నిమురుకుంది.

“జబ్బు ముదిరింది, ఒళ్ళు కరిగిపోతోంది అని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా నేను నమ్మట్లేదే, నువ్వు కొలిచి కుట్టిన ఈ గౌను నాకింకా ఒక్క పిసరు కూడా వదులవలేదుగా!”