సొంత వ్యాపారస్తులు

“ఫోన్ చేసిందెవరో చెప్పు. చెప్పేదాకా లోపలికి అడుగుపెట్టనివ్వను,” అన్నాడు గ్రేడీ, తలుపుకి అడ్డంగా నిలబడి.

వేద మెడలోని ఐడీ కార్డు పైకెత్తి చూపించింది.

“చెప్పకూడదు సార్. చెప్పాలన్నా నాకు తెలియదు, వాళ్ళు పేరు చెప్పలేదు. కానీ ఇక్కడ పనిచేసేవాళ్ళతో మాట్లాడే హక్కు నాకుంది.”

“పనిచేసేవాళ్ళు కాదు,” గ్రేడీ వేలు చూపిస్తూ అన్నాడు. “ఎవరి వ్యాపారం వాళ్ళది. నేను గదులు అద్దెకిస్తాను. అంతే!”

తగువంతా ఆ ఒక్క మాట దగ్గరే. నెవాడా ఎడారిలో, ఊరికి దూరంగా ఉన్న ఆ ఇల్లు లైసెన్సు ఉన్న వేశ్యాగృహం. ఆ కౌంటీలో అది నేరం కాదు, వ్యాపారం. గ్రేడీ లైసెన్సు ఫీజు కడతాడు, అమ్మాయిలు ఎవరి ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు కట్టుకుంటారు. వాళ్ళు ఉద్యోగులని తేలితే మాత్రం గ్రేడీ వాళ్ళ సంపాదన మీద యజమాని కట్టే పేరోల్ టాక్స్ కట్టాలి, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత వహించాలి. ఆమధ్య ఒకమ్మాయి ఇక్కడి మెట్ల మీద జారిపడి నడుం విరగ్గొట్టుకుంటే, నువ్వు మా మనిషివి కాదని చెప్పి హాస్పిటల్ గుమ్మంలో దించేసి వచ్చారట. ఆఫీసుకి ఫోన్ చేసిన గొంతు అంతవరకే చెప్పి పెట్టేసింది.

వేద రాష్ట్ర ఉపాధి శాఖలో పన్నుల ఆడిటర్. లోపలున్న వాళ్ళలో ఒక్కరైనా పేరు పెట్టి సాక్ష్యం చెప్పకపోతే ఇవాళే ఫైలు మూసెయ్యమని పైఅధికారి మాట.

గ్రేడీ చివరికి పక్కకి తప్పుకున్నాడు. “నెల్! ఈవిడకి ఇల్లంతా తిప్పి చూపించు. పక్కనే ఉండు.”

నెల్ అక్కడి మేనేజరు. యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, చామనఛాయ, ముక్కు మీద పెద్ద కళ్ళజోడు. మెక్సికో వైపు మనిషి కాబోలు అనుకుంది వేద.

“నేను వాళ్ళతో ఒంటరిగా మాట్లాడాలి,” అంది వేద ఇంగ్లీషులో.

“ఈ ఇంట్లో ఒంటరిగా ఎవరూ మాట్లాడరు,” అంది నెల్, ఇంగ్లీషులోనే, మొహం చూడకుండా.

వంటింట్లో జోసీ అనే అమ్మాయి సూప్ తాగుతోంది. వేద ఎదురుగా కూర్చుంది. గ్రేడీ గుమ్మంలో నిలబడ్డాడు. నెల్ జోసీ వెనకాల.

“నువ్వు ఎప్పుడు పనిచెయ్యాలో ఎవరు నిర్ణయిస్తారు?”

జోసీ కళ్ళు గుమ్మం వైపు వెళ్ళొచ్చాయి. “నేనే.”

“సెలవు కావాలంటే?”

“తీసుకుంటాను.”

“బయటికి వెళ్ళాలంటే?”

జోసీ చేతిలో చెంచా ఆగిపోయింది. ఆమె నోరు తెరిచేలోగా నెల్ కస్సుమంది.

“ఇంకా ఇక్కడే కూర్చున్నావేంటి? కస్టమరొచ్చి బెల్లు మోగితే హాల్లో ఉండాలని తెలీదా? మళ్ళీ ఫైన్ వేయించుకుంటావా? నా పర్మిషన్ లేకుండా గేటు దాటావంటే నీ గది ఇంకొకరికి ఇచ్చేస్తా, గుర్తుపెట్టుకో!”

“నెల్!” అరిచాడు గ్రేడీ. వెంటనే నవ్వేశాడు. “సరదాకి అలా అంటుంది. ఇక్కడ ఫైన్లూ లేవు, పర్మిషన్లూ లేవు. కదా జోసీ?”

“అవును, లేవు,” అంది జోసీ. సూప్ అలాగే వదిలేసి వెళ్ళిపోయింది.

వేదకి ఒళ్ళు మండిపోయింది. సాటి ఆడదై ఉండి ఇలా బెదిరిస్తుందా? ఫైన్లు, పర్మిషన్లు ఉన్నాయంటే వీళ్ళు ఉద్యోగులే. కానీ విన్నది విన్నట్టు రాసుకున్నా లాభం లేదు. సంతకం పెట్టే మనిషి కావాలి. సరదా అని కొట్టిపారేస్తే కొట్టుకుపోతుంది.

మిగతావాళ్ళూ అంతే. ఎవర్నడిగినా, “మాకు మేమే బాసులం.” అందరి నోటా అదే మాట, పాఠం అప్పజెప్పినట్టు. ఒకమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెల్ ఒక అడుగు దగ్గరికి వేసేసరికి ఆ అమ్మాయి లేచిపోయింది.

“అయిపోయిందిగా?” అన్నాడు గ్రేడీ. “నెల్, కారు దాకా దించిరా. ఈవిడ వెళ్ళగానే గేటు వేసెయ్.” తను వరండాలో నిలబడి చూస్తున్నాడు.

ఎండ నిప్పులు చెరుగుతోంది. నెల్ నీడలా పక్కనే నడుస్తోంది. ఈ మనిషి ఇప్పుడేమంటుందోనని వేద గబగబా అడుగులేసింది. కారెక్కి అద్దం దించగానే ఫోన్ మోగింది. అమ్మ. ఎత్తకపోతే కంగారు పడుతుంది.

“వేదా, ఎక్కడున్నావే? తిన్నావా?”

“ఇంకా లేదమ్మా. హోటల్ ఆడిట్‌కి వచ్చాను.” ఇది వేశ్యాగృహమని అమ్మకి ఎలా చెబుతుంది? “ఏమీ వర్కవుట్ అవలేదమ్మా. అందరికీ భయం. ఒక్కరు కూడా నోరు విప్పలేదు. ఫైల్ క్లోజ్ చేసేయాలి.” “తర్వాత కాల్ చేస్తా.”

ఫోన్ పెట్టి తల తిప్పితే నెల్ కిటికీ మీదకి వంగి ఉంది. ఒక చెయ్యి తలుపు మీద. వేద బిగుసుకుపోయింది.

నెల్ వరండా వైపు ఒకసారి చూసి, అతిథిని సాగనంపుతున్నట్టు నవ్వింది. ఆ నవ్వు చెదరకుండానే, అచ్చమైన తెలుగులో అంది:

“మొహం అలా పెట్టకమ్మా, వాడు చూస్తున్నాడు. ఫైలు మూసెయ్యకు, మీ ఆఫీసుకి ఫోన్ చేసింది నేనే. రాసుకో, నా అసలు పేరు నళిని.”