మేకలకు కాసింత కలుపు

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు రైతు.

ఆ రోజు రైతు సంఘం నుంచి న్యాయనిర్ణేత వస్తారు. కలుపు తక్కువున్న చేనేదో తేలుస్తారు.

ఇంట్లో పందెం వేరే ఉంది.

వాన తప్ప వేరే దిక్కులేని ఆ చేనును మొగుడూ పెళ్ళాలు ఈసారి చెరిసగం పంచుకున్నారు. ఆయన ఒట్టి జొన్న వేశాడు. ఆవిడ జొన్నలో అలసంద కలిపి చల్లింది. నెగ్గినవాళ్ళ పద్ధతే వచ్చే ఏడు చేనంతటికీ.

"వంగి వంగి కలుపు తీయడానికి నాకిక నడుము మిగల్లేదండీ. అలసంద తీగ నేలంతా కప్పేస్తే కలుపుకు ఎండెక్కడిది?" అంది ఆవిడ విత్తేనాడే.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయిటే?"

"ఒక ఇంట్లో మనిద్దరం ఇమడటం లేదూ?"

ఆయన జొన్నల బుట్ట తీసుకుని తన సగంలోకి నడిచాడు.

పందెం తేలే ఆ రోజు, ఆయన గట్టు మీద కూర్చుని ఉండగానే ఎవరో పెద్దావిడ వచ్చింది. వెలిసిన చీర, చంకలో ఖాళీ గోనెసంచి, చేతిలో కొడవలి. ముందు భార్య సగం దగ్గర ఆగింది.

"అమ్మాయ్, మేకలకు కాసింత కలుపు పీక్కోనా?"

"ఉంటే పీక్కో అక్కా. అలసంద జోలికి మాత్రం పోకు."

ఆ మనిషి ఆకులు ఎత్తి ఎత్తి వెతికింది. దొరికిన నాలుగు పోచలూ కొంగున ముడేసుకుంది.

"ఇదేం చేనమ్మా! మేక మూతి తుడుచుకోవడానికైనా చాలదు."

భార్యకు జాలేసింది. "ఏమనుకోకక్కా" అంటూ చెంబుడు మంచినీళ్ళిచ్చింది.

రైతుకు మాత్రం రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. ఆయన సగంలో వెనక మూల మోకాలెత్తు కలుపుంది మరి!

"అక్కా, ఇటు రా! నీకు కావలసినంత ఉంది. ఆ వెనక మూల చూడు. సంఘం వాళ్ళ జీపు వచ్చేలోపు కానిచ్చెయ్!"

"అంతా నాకేనా తమ్ముడూ?"

"అంతా నీకే. మొహమాటపడకు!"

సంచి మూతి బిగించడానికి ఇద్దరూ కలిసి తొక్కాల్సి వచ్చింది. ఆయనే స్వయంగా మూటను ఆవిడ తలకెత్తాడు.

"పొద్దుట్నుంచీ తిరుగుతున్నాను తమ్ముడూ. నీ అంత ఇచ్చినవాళ్ళు లేరు."

"మా మనసే అంత! మళ్ళీ రా" అన్నాడు రైతు, భార్యకేసి చూసి మీసం మెలేస్తూ.

భార్య అటు చూసింది. ఇప్పుడు ఆయన సగం కూడా శుభ్రంగానే కనిపిస్తోంది. తెలియకుండానే చేయి నడుం మీదకు పోయింది.

మధ్యాహ్నమైంది. చొక్కా చెమటకు ఒంటికంటుకుపోయింది. జీపు లేదు, గీపు లేదు.

చివరికి సంఘం గుమస్తా మోటారు సైకిలు మీద వచ్చాడు.

"ఏమయ్యా, ఇంకెప్పుడు చూస్తారు మా చేను?"

"చూసేశారుగా! మొదటి బహుమతి మీ ఆవిడ సగానికే."

భార్య చేతిలో చెంబు జారి కింద పడింది. ముందు నవ్వు వచ్చింది, వెనకే కన్నీళ్ళు వచ్చాయి.

"చూశారా! ఎవరు చూశారు? పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చున్నాను. ఈగ కూడా నా కళ్ళు గప్పి పోలేదు!" అని లేచాడు రైతు.

గుమస్తా నవ్వాపుకోలేకపోయాడు.

"మలుపులో మా బండి ఆపి, ఏ చేను కలుపు ఆ చేనుకే తూస్తున్నామండీ. మీ ఆవిడది కొంగుముడి విప్పితే కాటా కదల్లేదు. మీ మూటకి ముల్లు చివరికంటా పోయింది. తలకెత్తిన తమ్ముడికి మరీ మరీ థాంక్స్ చెప్పమన్నారు న్యాయనిర్ణేత గారు."