తిరిగొచ్చిన కొబ్బరికాయ

విశాఖ తీరమంతా రిసార్టులయ్యాక, గది తీసుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ సముద్రాన్ని తాకే వీల్లేకుండా పోయింది. అందుకే జాలరి నూకరత్నం గంగమ్మ మొక్కు తీర్చుకోవడానికి పదకొండో అంతస్తులో ఒక రోజు దిగింది.

పొద్దున్నే పసుపు, కుంకుమ, కొబ్బరికాయ కెరటానికి అప్పగించి, దండం పెట్టుకుని గదికొచ్చింది. కాఫీ పూర్తికాకముందే తలుపు దగ్గర గంట మోగింది. పీతలా నడిచే యంత్రం ఒకటి, కడిగి తుడిచిన కొబ్బరికాయను సంచిలో పెట్టి అందించింది. "మీరు సముద్రంలో మరిచిపోయిన వస్తువు" అని చీటీ ఉంది.

ఆమె మళ్లీ వేసి వచ్చింది. అది మళ్లీ తెచ్చింది. మూడోసారి సంచి పట్టుకుని రిసెప్షన్‌కి వెళ్లింది.

"ఏటమ్మా ఇది? అమ్మోరికిచ్చింది మళ్లీ నాకెందుకు తెచ్చేస్తంది?"

"గెస్టులవి ఏది పోయినా వెతికి తెస్తుందండీ," అంది కౌంటర్లో ఉన్న ప్రణీత. "ఉంగరాలు, కళ్లజోళ్లు, అన్నీ."

"ఎప్పుడో పోయినయి కూడా తెస్తాదా?"

"ఫారం పెడితే వెతుకుతుందండీ. చెప్పండి, నేను నింపుతా. ఎప్పుడు పోయింది?"

"ముప్పై ఒక్క ఏళ్లయిపోనాది. తుపానులో, పడవతో పాటే."

ప్రణీత తలెత్తకుండా టైపు చేసింది. "వస్తువు పేరు?"

పెనిమిటి పేరు పలకడం వాళ్లలో లేదు. పెళ్లయిన నాటినుంచి నూకరత్నం ఆ పేరు ఒక్కసారి కూడా నోట అనలేదు. కొంగు తలమీదికి లాక్కుంది.

"మైలపల్లి పైడయ్య," అంది.

యంత్రం నీళ్లలోకి దిగింది.